నాలుగో ఊపిరి

1898వ సంవత్సరం. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన స్తంభాలు ఒక్కొక్కటే నీళ్ళలోంచి లేస్తున్న రోజులు. ఆ ఊళ్ళో బడిపంతుళ్ళను తయారుచేసే ఒక కళాశాలలో నేను జిమ్నాస్టిక్ మాస్టరుగా పనిచేసేవాణ్ణి. మాది పిఠాపురం. నా ఉద్యోగం ఏమిటో మా నాన్నగారికి చివరిదాకా అంతుపట్టలేదు. "మావాడు కుర్రాళ్ళ చేత గెంతులు వేయిస్తాడండి, దానికి జీతం ఇస్తారండి" అని ఊళ్ళో చెప్పుకునేవారు. రాజమండ్రిలో నన్ను సర్కస్ మాస్టరు అనేవారు. మొదట్లో మండిపడేవాణ్ణి, తర్వాత అలవాటైపోయింది.

నిజానికి అది గెంతులతో సరిపోయే చదువు కాదు. మద్రాసులో ఏడాది పాటు చదివి, పరీక్ష ప్యాసై వచ్చినవాణ్ణి. ఏ కండ ఏ ఎముకను లాగుతుంది, పరుగెత్తితే గుండె ఎందుకు దడదడలాడుతుంది, నీళ్ళలో మునిగినవాడికి ఊపిరి మళ్ళీ ఎలా తెప్పించాలి, ఇవన్నీ మాకు పాఠాలే. కళాశాలలో పొద్దున పూట పారలల్ బార్స్ మీద కసరత్తు చేయించేవాణ్ణి. అంటే పక్కపక్కన బిగించిన రెండు కర్రలు, వాటి మీద చేతులు ఆన్చి ఒళ్ళంతా పైకి లేపాలి. మధ్యాహ్నం గదిలో కొలతలు. ఊపిరి వదిలినప్పుడు ఛాతీ ఎంత, నిండా పీల్చినప్పుడు ఎంత అని టేపుతో చూస్తే వచ్చే తేడాను చెస్ట్ ఎక్స్‌పాన్షన్ అంటాం. మణికట్టు పట్టుకుని పల్స్, అంటే నాడి, లెక్కపెడతాం. ఆఖరున ఊపిరి బిగపట్టమని చెప్పి ఎంతసేపు ఉండగలరో చూస్తాం. ఈ పనికోసం నా దగ్గర సెకన్లు చూపే వాచీ ఉండేది. నేను దాన్ని తుడుచుకునే తీరు చూసి మా ఆవిడ దానికి 'చిన్నావిడ' అని పేరు పెట్టింది.

ఆ ఏడు నా తరగతిలో చేరినవాళ్ళలో సత్తెయ్య ఒకడు. ఇరవై ఏళ్ళుంటాయి. నరసాపురంలో చేపల వేట మీద బతికే కుటుంబం. వాళ్ళ పేటలో అంతదూరం చదువుకున్నవాడు వాడొక్కడే. తండ్రి చనిపోయాడు, తల్లి నూకాలమ్మ ఎండుచేపలు అమ్మి చదివిస్తోంది. వేటతో పాటు వాళ్ళింట్లో ఇంకో పని కూడా తరాలుగా వస్తోంది. రేవుల్లో వల చిక్కుపడితే విడిపించడం, ఎవరైనా మునిగిపోతే శవాన్ని వెతికి పైకి తేవడం. సత్తెయ్య ఆ సంగతి ఇంటిపేరు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

మొదటి రోజు ఊపిరి బిగపట్టమంటే తరగతిలో చాలామంది నిమిషం లోపే బుగ్గలు పొంగించి, కళ్ళు ఎర్రజేసి, బుస్సుమని వదిలేశారు. సత్తెయ్య వంతు వచ్చింది. బెంచీ మీద కూర్చుని మెల్లగా మూడు ఊపిర్లు తీశాడు. మూడోది బిగపట్టాడు. రెండు నిమిషాల పది సెకన్లు. నేను వాచీని చెవి దగ్గర పెట్టుకుని ఆగిపోయిందేమోనని విన్నాను.

"ఇంకో నాలుగు తీసి పట్టి చూడు, ఇంకా ఎక్కువ వస్తుంది," అన్నాను.

"మా ఇంట్లో మూడేనండి. నాలుగోది తీయకూడదండి."

"తీస్తే ఏమవుతుంది?"

"నాలుగోది మనది కాదంటారండి. గోదారిదంట."

తరగతంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. నా దగ్గర ఒక ఇంగ్లీషు పుస్తకం ఉంది. ఊపిరి బిగపట్టే ముందు ముప్పైసార్లు లోతుగా పీల్చి వదిలితే ఊపిరితిత్తులు శుభ్రపడతాయనీ, రెట్టింపు సేపు ఉండవచ్చుననీ అందులో బొమ్మలతో సహా ఉంది. అచ్చులో ఉన్నదానికి ఆ వయసులో నేను వేదానికిచ్చినంత విలువ ఇచ్చేవాణ్ణి. సత్తెయ్య పది రోజులు తప్పించుకున్నాడు. చివరికి మాస్టారి మాట తీసేయలేక ముప్పై ఊపిర్లు తీశాడు.

ఆ మధ్యాహ్నం నాకు బాగా గుర్తుంది. వాడి మణికట్టు నా వేళ్ళ కింద ఉంది. మొదటి నిమిషం నాడి వేగంగా కొట్టుకుంది. రెండో నిమిషంలో నెమ్మదించింది. మామూలుగా ఆ పాటికి పొట్ట ఎగిరిపడుతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, గాలి కావాలని ఒళ్ళు గోల చేస్తుంది. వీడి ఒళ్ళు ఏ గోలా చేయలేదు. మూడో నిమిషం దాటేసరికి నాడి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంత ఎడం వచ్చిందంటే, తర్వాతది వస్తుందో రాదో అని నేను ఎదురుచూడాల్సి వచ్చింది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. ముఖం మీద చిన్న నవ్వు. ఆ నవ్వు నన్ను చూసి కాదు, గదిలో ఎవర్నీ చూసి కాదు.

భుజం పట్టి కుదిపాను. ఊపిరి తీసుకున్నాడు. కాసేపు నేనెవరో తెలియనట్టు చూశాడు.

"గాలి కావాలనిపించలేదా?" అన్నాను.

"లేదండి. గాలన్న మాటే గుర్తు రాలేదండి."

ఎవరికైనా అక్కడ గుండె ఝల్లుమనాలి. నాకు సంతోషం పొంగుకొచ్చింది. మూడు నిమిషాల నలభై సెకన్లు! ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ దొరగారి దగ్గరికి పరుగెత్తాను. మద్రాసు నుంచి తనిఖీ దొర వస్తున్నారు కదా, ఆరోజు గోదావరి రేవులో అందరిముందూ సత్తెయ్య చేత మునక వేయించి చూపిస్తాను అన్నాను. ఆయన సరేనన్నారు.

వారం తిరక్కుండా నూకాలమ్మ వచ్చింది. మేం కసరత్తు చేసే పాక బయట తట్ట దించుకుని నిలబడింది. నలభై అయిదేళ్ళుంటాయి, పడవ కట్టుకొయ్యలా గట్టి మనిషి. దండం పెట్టింది కానీ గొంతులో దండం లేదు.

"మావోడికి నాలుగో ఊపిరి నేర్పేరంటండి?"

"నాలుగు కాదమ్మా, ముప్పై," అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "వాళ్ళ నాయన కూడా ఎవరి మాటో పట్టుకుని ఎక్కువ తీసేడండి. పందెం కట్టేరు. తాడు నా చేతిలోనే ఉందండి. మాలో దిగినోళ్ళ నడుముకి తాడు కట్టి, కొస ఇంటి మనిషే పట్టుకోవాలండి. లోపల ఊపిరాడకపోతే తాడు గుంజుతారు, మేం లాగేస్తాం. ఆయన గుంజలేదండి. చాలాసేపు చూసి నేనే లాగేను. పైకొచ్చేసరికి మనిషి లేడు."

"గుండె ఆగి ఉంటుందమ్మా. ఊపిర్లకీ దానికీ..."

"మొహం నవ్వుతా ఉందండి," అంది. "నేను మా మామతో కలిసి ఎన్నో శవాల్ని చూసేను. మునిగిపోయినోళ్ళు నవ్వరండి. నోట్లో ఇసక, గోళ్ళలో నాచు, మొహం నిండా భయం ఉంటాయండి. ఆయన మాత్రం పెళ్ళికెళ్తున్నట్టున్నాడు."

పాక లోపల కసరత్తు చేస్తున్నవాళ్ళు ఎప్పుడు ఆగిపోయారో నేను గమనించలేదు. అందరూ వింటున్నారు. అది నాకు చిన్నతనంగా తోచింది. సత్తెయ్యకు ఏం కాదని, పుస్తకంలో ఉందని గట్టిగా చెప్పాను.

"పుస్తకం సంగతి నాకేం తెలుసండి. వాడు దిగే రోజున నాకు కబురెట్టండి. తాడు నేను పడతాను. అదొక్కటీ మాటివ్వండి," అంది.

ఇచ్చాను. నిలబెట్టుకోలేదు. నిజం చెప్పాలంటే, తనిఖీ దొర ముందు ఎండుచేపల వాసనతో ఒకావిడ తాడు పట్టుకుని నిలబడితే నా విద్య పరువేం కావాలి అని సిగ్గుపడ్డాను. ఇన్నేళ్ళైనా ఈ వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆరోజు పొద్దున్నే సత్తెయ్య అడిగాడు. "అమ్మకి కబురెట్టేరాండి?"

"పెట్టాను. వస్తుందిలే," అన్నాను.

మాఘమాసం, నీళ్ళు తేటగా ఉన్నాయి. రేవు మెట్ల మీద దొరలకు కుర్చీలు వేశారు. రెండు నిలువుల లోతున ఒక ఇత్తడి చెంబు పడేశారు. దాన్ని పట్టుకుని అడుగున కూర్చుని, తనకు చాలనిపించినప్పుడు పైకి రావాలి. తాడు అక్కర్లేదన్నాను. సత్తెయ్య మెట్టు మీద కూర్చుని జనంలో తల్లికోసం ఒకసారి చూసి, ముప్పై ఊపిర్లు లెక్కపెట్టుకుని దిగిపోయాడు. ఉంగరాలు ఉంగరాలుగా లేచిన నీళ్ళు సద్దుమణిగాయి.

రెండు నిమిషాలకు దొరలు చప్పట్లు కొట్టారు. మూడు నిమిషాలకు మళ్ళీ కొట్టారు. నేను వాచీ చూస్తున్నాను, నీళ్ళు చూడటం లేదు. ఎప్పుడో తల ఎత్తితే గోదావరి అద్దంలా ఉంది. ఒక్క బుడగ లేదు. ఎక్కడో దూరాన వంతెన పనివాళ్ళ సుత్తి దెబ్బలు మాత్రం వినిపిస్తున్నాయి.

"ఎన్ని తీసేడండి?" అని నా భుజం పక్కన ఎవరో అడిగారు. నూకాలమ్మ. నేను పంపని కబురు పడవవాళ్ళు మోసుకెళ్ళారు. అప్పుడే పడవ దిగిందేమో, తట్ట ఇంకా నెత్తి మీదే ఉంది.

"ముప్పై," అన్నాను.

ఆమె తట్ట దించింది. చీర బిగించి కట్టింది. మూడు ఊపిర్లు తీసింది. అంత తొందరలోనూ మూడే తీసింది. దూకింది. ఇది కూడా ప్రదర్శనలో భాగమే అనుకుని తనిఖీ దొర మళ్ళీ చప్పట్లు కొట్టాడు.

కొడుకు జుట్టు పట్టుకుని పైకి తెచ్చింది. మెట్ల మీద పడుకోబెట్టాం. చేతిలో చెంబు అలాగే ఉంది, వేళ్ళు విడదీయాల్సి వచ్చింది. ముఖం నేరేడు రంగులో ఉంది. ఆ ముఖం నవ్వుతోంది. నూకాలమ్మ ఆ నవ్వును చూసి, దాన్ని చెరిపేయాలన్నట్టు అరచేత్తో కొడుకు నోరు గట్టిగా తుడిచింది.

మద్రాసులో నేర్చిన పద్ధతి అప్పుడు అక్కరకొచ్చింది. వెల్లకిలా పడుకోబెట్టి, రెండు చేతులూ తలపైకి ఎత్తి, మళ్ళీ దించి ఛాతీ మీద అదమాలి. ఎత్తడం, అదమడం. ఎంతసేపు చేశానో తెలియదు, వాచీ ఎక్కడో పడేశాను. చివరికి వాడి గొంతులోంచి ఒక కేక వచ్చింది, అప్పుడే పుట్టిన పిల్లాడి కేక. నీళ్ళు కక్కాడు. కళ్ళు తెరిచాడు. తల్లిని చూసి ఒకే ఒక్క మాట అన్నాడు.

"ఎందుకు తెచ్చేవే?"

మర్నాడే ఆమె కొడుకును నరసాపురం తీసుకుపోయింది. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. కుర్రాడు బతికాడు కదా, ఇలాంటివి జరుగుతుంటాయి అన్నారు ప్రిన్సిపాల్ దొరగారు. ఎవరైనా నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే హాయిగా ఉండేది.

నెలరోజులకు ఒక పడవ సరంగు కబురు తెచ్చాడు. "నూకాలమ్మ చెప్పమందండి. ఆళ్ళబ్బాయి రోజూ రేవులో కూచుని ఊపిర్లు తీస్తున్నాడంట. ఆవిడ ఎనకాలే కూచుని లెక్కెడతందంట. మూడు దాటితే జుట్టట్టుకుని లాక్కొస్తందంట. ఎన్నాళ్ళు కాపలా కాయను, మీరు నేర్పిందే, మీరే మాన్పించండి అందండి."

మాన్పించాలంటే నేను నేర్పినదేమిటో ముందు నాకు తెలియాలి కదా. పుస్తకం చూసి సత్తెయ్యకు చెప్పానే తప్ప ఒక్కసారి కూడా నా మీద చేసుకోలేదు. ఆ మధ్యాహ్నం మా ఇంటి ముందుగదిలో కుర్చీలో కూర్చున్నాను. ముప్పై ఊపిర్లు తీసి బిగపట్టాను.

వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. నిమిషం గడిచింది, నిమిషమున్నర గడిచింది. గాలి కావాలన్న బాధ ఏదీ రాలేదు. గది అంచుల నుంచి చీకటి మెల్లగా లోపలికి వచ్చింది. పట్టపగలు, తలుపు తెరిచి ఉంది, వీధిలో మజ్జిగ అమ్మే ఆవిడ కేక వినిపిస్తోంది. ఆ కేక దూరమైంది. అప్పులు, ఉద్యోగం, సత్తెయ్య, నేను చేసిన తప్పు, అన్నీ దూరమయ్యాయి. అంత సుఖం నేను మళ్ళీ ఎరగను. తర్వాత ఏమీ లేదు.

కళ్ళు తెరిచేసరికి నేలమీద ఉన్నాను. కుర్చీ బోర్లా పడి ఉంది, నుదురు చిట్లింది. మా ఆవిడ నా ముఖం మీద నీళ్ళు చల్లుతూ ఏడుస్తోంది. కుర్చీ పడిన సంగతి నాకు తెలియదు. "ఎందుకు నవ్వుతున్నారండీ, ఎందుకు నవ్వుతున్నారు?" అని ఆమె అడుగుతోంది.

మర్నాడు మళ్ళీ అదే గదిలోకి, అదే కుర్చీ దగ్గరికి నా కాళ్ళు వాటంతట అవే వెళ్ళాయి. గుమ్మం దగ్గర ఆగి మా ఆవిణ్ణి పిలిచాను. నన్ను ఒంటరిగా వదలొద్దని చెప్పాను.

ధవళేశ్వరంలో పడవెక్కి, ఏరు దాటి, విజ్జేశ్వరం లాకుల దగ్గర కాలవలోకి దిగి నరసాపురం వెళ్ళాను. సత్తెయ్య అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. సగం చిక్కిపోయాడు. నూకాలమ్మ నాకు పీట వేసి, గుంజకు ఆనుకుని నిలబడింది.

"అక్కడ ఏముందిరా సత్తెయ్యా?" అని అడిగాను.

"ఏమీ లేదండి," అన్నాడు వల మీంచి తలెత్తకుండా. "ఏమీ లేకపోవడమే బాగుందండి."

"తెలుసు. నేనూ వెళ్ళొచ్చాను."

తల ఎత్తాడు. నుదుటి మీద కట్టు చూశాడు. ఒక్కొక్కటిగా చెప్పాను. తిమ్మిరి, గది అంచున చీకటి, దూరమైపోయిన కేక. చెబుతుంటే వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెలరోజులుగా ఆ సంగతి ఒంటరిగా మోస్తున్నాడు పాపం. గోదారి తనని పిలుస్తోందనుకున్నాడు.

"ఎవరూ పిలవడం లేదురా. ఊపిరాడనప్పుడు మన ఒళ్ళు గోల చేస్తుందే, ఆ గోలే మనల్ని పైకి తెచ్చేది. ఆ ముప్పై ఊపిర్లూ దాని నోరు నొక్కేస్తున్నాయి. ఎందుకో నాకు తెలియదు, పుస్తకంలో లేదు. మీ తాతలకు మాత్రం తెలుసు."

"మళ్ళీ వెళ్ళాలనిపించిందాండి మీకు?"

"అనిపించింది. మర్నాడే అనిపించింది. మా ఆవిడకి చెప్పేశాను. నువ్వూ చెప్పు."

వాడు తల్లివైపు తిరిగాడు. "అమ్మా, నన్నొదిలేయకే," అన్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుని, వాడి చేతిలోంచి వల తీసి పక్కన పెట్టింది.

నేను లేచి చెప్పులు తొడుక్కుంటుంటే నూకాలమ్మ వెనకే వీధిలోకి వచ్చింది. ఎదురింటి అరుగు మీద లేసు అల్లుతున్న ఆడపిల్లలకు వినపడకుండా గొంతు తగ్గించింది.

"మాస్టారండీ, ఒక్కటడుగుతాను. వాళ్ళ నాయన పోయిన రోజు పొద్దున్నే నేనూ ఆయనా దెబ్బలాడుకున్నామండి. ఛీ అన్నాను. అన్నం తినకుండా వచ్చేసేడు. నడుముకి తాడుండి కూడా గుంజలేదంటే, నా మీద కోపంతో పోయేడనుకున్నానండి. పన్నెండేళ్ళనించీ. నన్నొదిలించుకుని నవ్వుకుంటా పోయేడు అనుకున్నానండి."

"లేదమ్మా. ఆయనకి తెలియనే తెలియదు. గుంజాలన్న సంగతే గుర్తుండదు. నాకు కుర్చీ పడిందని కూడా తెలియలేదు."

"కోపంతో కాదాండీ?"

"కాదమ్మా."

"ఆయ్," అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎండలో అలాగే చాలాసేపు నిలబడింది.

వేసవి సెలవుల తర్వాత సత్తెయ్య తిరిగొచ్చాడు. పరీక్ష ప్యాసయ్యాడు. ఇప్పుడు ఒక బడిలో డ్రిల్లు మాస్టరు. నా తరగతిలో ఆనాటి నుంచి మూడు ఊపిర్లే. ఎవరైనా ముఖం ప్రశాంతంగా పెట్టి బాగానే ఉందండి అంటే ఆ మాట నమ్మను, వెంటనే ఊపిరి తీయిస్తాను. బాధపడుతున్నవాణ్ణి చూసి భయపడటం మానేశాను. సత్తెయ్య నాకు నేర్పిన విద్య అది.

అయితే నూకాలమ్మకు నేను చెప్పింది పూర్తిగా నిజం కాదు. కుర్చీలో కూర్చున్న ఆఖరి క్షణంలో, చీకటి దగ్గరగా వచ్చినప్పుడు, నాకు తెలుసు. నోరు తెరిస్తే చాలు గాలి వస్తుందని తెలుసు. మా ఆవిడ వంటింట్లో ఉందని కూడా గుర్తుంది. తెరవబుద్ధి కాలేదు.